ఉబుంటు అప్‌గ్రేడ్ మధ్యలో ఆగింది, బూట్ కావట్లేదు. హోమ్‌లో ఉన్నవి పోకుండా మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం ఎలా?

సగంబూట్
22.04 నుంచి 24.04కి అప్‌గ్రేడ్ నడుస్తుండగా కరెంటు పోయింది, కాసేపటికి బ్యాటరీ కూడా అయిపోయి లాప్‌టాప్ ఆగిపోయింది. ఇప్పుడు గ్రబ్ మెనూ (ఏ సిస్టమ్ లేపాలో ఎంచుకునే తెర) దాకా వస్తోంది, ఎంటర్ కొడితే "కెర్నల్ పానిక్... వీఎఫ్‌ఎస్: అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్‌ఎస్ ఆన్ అన్‌నోన్ బ్లాక్ (0,0)" అని ఆగిపోతోంది.

డిస్క్ 512 జీబీ ఎన్‌వీఎమ్‌ఈ. విండోస్ కూడా ఉంది. లినక్స్‌కి ఒకటే పార్టిషన్: 220 జీబీ, ఎక్స్‌ట్4 (లినక్స్ ఫైల్‌సిస్టమ్). హోమ్ (నా సొంత ఫైళ్ల ఫోల్డర్) విడిగా లేదు, అందులోనే ఉంది. హోమ్ బరువు సుమారు 140 జీబీ. ఇది కాక ఒక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఉంది, అది చాలా ముఖ్యం. బయటి డిస్క్ 1 టీబీ, ఎక్స్‌ఫ్యాట్‌లో ఉంది. 24.04 లైవ్ యూఎస్‌బీ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే ఉబుంటు) తయారుగా ఉంది. ఇన్‌స్టాలర్‌లో "ఎరేజ్ డిస్క్" అన్న మాట చూసి ఆపేశాను. ఏది ముందు, ఏది వెనక?

పాతకెర్నల్
అన్‌నోన్ బ్లాక్ పక్కన (0,0) ఉందంటే చాలావరకు డిస్క్ తప్పు కాదు. కొత్త కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) ఫైలు వచ్చింది, దానికి జతగా ఉండాల్సిన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్‌కి కావాల్సిన డ్రైవర్ల మూట) తయారయ్యేలోపు కరెంటు పోయింది. కెర్నల్‌కి డిస్క్ డ్రైవర్లు అందక రూట్ (సిస్టమ్ ఉన్న పార్టిషన్) ఎక్కడుందో తెలియట్లేదు.

గ్రబ్‌లో "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్"లోకి వెళ్లి పాత కెర్నల్ (5.15 వరసది) ఎంచుకుని చూడండి. అది లేస్తే సగం పని అయిపోయినట్టే.

విమ్‌వీరుడు
ఇంత ఆలోచన ఎందుకు? ఇన్‌స్టాలర్‌లో మాన్యువల్ పార్టిషనింగ్ తీసుకో, లినక్స్ పార్టిషన్‌కి రూట్ మౌంట్‌పాయింట్ (పార్టిషన్ తగిలే చోటు) ఇవ్వు, ఫార్మాట్ టిక్ తీసెయ్. పాత సిస్టమ్ ఫోల్డర్లు తుడిచి హోమ్ వదిలేస్తుంది. 20 నిమిషాల పని.

మౌంట్‌పాయింట్
@విమ్‌వీరుడు పాత ఉబుంటు ఇన్‌స్టాలర్ అలాగే చేసేది, ఒప్పుకుంటాను. కానీ అది తుడిచే ఫోల్డర్లలో వార్ కూడా ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ డేటా ఉండేది /వార్/లిబ్/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ లోనే. అడిగినాయన ముఖ్యమన్నది అదే కదా.

పైగా 24.04లో ఉన్నది కొత్త ఇన్‌స్టాలర్. పాతదానికి చెప్పిన చిట్కా దీనికీ పనిచేస్తుందని లెక్కేసుకుని డేటాని పందెం కాయకూడదు. డేటా మరో డిస్క్ మీదికి చేరాక ఏ పద్ధతైనా వాడుకోవచ్చు. చేరక ముందు ఏదీ వద్దు.

విమ్‌వీరుడు
డేటాబేస్ సంగతి చూసుకోలేదు. అది ఉంటే నేను చెప్పింది పనికిరాదు, సరే.

సగంబూట్
పాత కెర్నల్‌తో కూడా ప్రయత్నించాను. పానిక్ పోయింది, కానీ ఇనిట్ (మొదట లేచే ప్రోగ్రాం) దగ్గర షేర్డ్ లైబ్రరీ లోపం చూపించి అక్కడే ఆగిపోతోంది.

పాతకెర్నల్
అయితే లిబ్‌సీ (ప్రోగ్రాములన్నీ ఆధారపడే మూల లైబ్రరీ) మార్పు మధ్యలో దెబ్బతింది. లైవ్ యూఎస్‌బీ తప్పదు. రిపేరుకి ఇంకా దిగొద్దు. రిపేరు అంటే ఆ పార్టిషన్ మీద రాయడమే, అది కాపీ అయ్యాక.

మౌంట్‌పాయింట్
వరస ఇదీ. "ట్రై ఉబుంటు"తో లైవ్‌లోకి వెళ్లండి.

ముందు ఏ పార్టిషన్ ఏదో తేల్చుకోవాలి. ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్‌ని -ఎఫ్ ఆప్షన్‌తో కొడితే పార్టిషన్ పేరు, ఫైల్‌సిస్టమ్, లేబుల్, యూయూఐడీ (ఫైల్‌సిస్టమ్ గుర్తింపు సంఖ్య) అన్నీ వస్తాయి. పేరు చూసి కాదు, సైజు చూసి (అది ఆప్షన్ లేకుండా అదే కమాండ్ కొడితే వస్తుంది) గుర్తుపట్టండి. లైవ్‌లో ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు డిస్కులు గుచ్చిన వరసని బట్టి మారిపోతాయి. ఎన్‌వీఎమ్‌ఈ డిస్క్ పేరు వేరేలా ఉంటుంది కాబట్టి మీకు ఆ తికమక కాస్త తక్కువ.

తర్వాత డిస్క్ ఆరోగ్యం. స్మార్ట్‌మాన్‌టూల్స్ ప్యాకేజీ పెట్టి, స్మార్ట్‌సీటీఎల్‌ని చిన్న -ఎ ఆప్షన్‌తో నడపండి. ఎన్‌వీఎమ్‌ఈ అయితే చూడాల్సినవి "క్రిటికల్ వార్నింగ్", "మీడియా అండ్ డేటా ఇంటెగ్రిటీ ఎర్రర్స్", "అవైలబుల్ స్పేర్". మొదటి రెండూ సున్నా ఉండాలి.

ఆ మూడూ బాగుంటేనే మౌంట్ చేయండి, అదీ చదవడానికి మాత్రమే: మౌంట్ కమాండ్‌కి -ఓ తర్వాత ఆర్ఓ.

బైట్‌పిచ్చుక
పళ్లెం తిరిగే పాత హార్డ్‌డిస్క్ వాళ్లకి: అక్కడ చూడాల్సిన వరసలు వేరు. 5 (రీఅలొకేటెడ్ సెక్టర్లు), 197 (కరెంట్ పెండింగ్), 198 (ఆఫ్‌లైన్ అన్‌కరెక్టబుల్). 197 సున్నా కాకపోతే ఫైళ్లు కాపీ చేయడం మొదలుపెట్టొద్దు. జీఎన్‌యూ డీడీరెస్క్యూతో మొత్తం డిస్క్‌ని ఇమేజ్ తీయండి, మ్యాప్ ఫైలు ఇవ్వడం మరవొద్దు. మ్యాప్ ఉంటే మధ్యలో ఆపినా వదిలిన చోటు నుంచే మళ్లీ మొదలవుతుంది. చదవడానికి వచ్చే భాగాలన్నీ ముందు లాగేసి, మొండికేసే సెక్టర్ల సంగతి చివర్లో చూస్తుంది. మామూలు కాపీ అయితే మొదటి చెడ్డ సెక్టర్ దగ్గరే నిమిషాల తరబడి గింజుకుంటుంది, ఈలోపు డిస్క్ పూర్తిగా పోవచ్చు.

పాతకెర్నల్
పై దానికి ఒక చేర్పు. ఎక్స్‌ట్4ని ఆర్ఓ అని మౌంట్ చేసినా జర్నల్‌లో (రాయాల్సిన మార్పుల చిట్టాలో) మిగిలిన రాతల్ని అది డిస్క్ మీద పూర్తి చేస్తుంది. ఒక్క బైటు కూడా రాయకూడదనుకుంటే ఆర్ఓ పక్కన కామా పెట్టి నోలోడ్ అనాలి. సగంబూట్ గారి డిస్క్ బాగుంటే మామూలు ఆర్ఓనే మంచిది, ఎందుకంటే జర్నల్ పూర్తయితేనే ఫైల్‌సిస్టమ్ నికరంగా ఉంటుంది. నోలోడ్ అనేది చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌కి.

ఇంకోటి: మౌంట్ అయి ఉన్న పార్టిషన్ మీద ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్‌సిస్టమ్ తప్పులు వెతికి సరిచేసేది) నడపొద్దు. నడపాలనిపిస్తే అన్‌మౌంట్ చేసి ముందు -ఎన్ ఆప్షన్‌తో. అది చూసి చెబుతుంది, ముట్టుకోదు.

సగంబూట్
స్మార్ట్: క్రిటికల్ వార్నింగ్ 0, మీడియా ఎర్రర్స్ 0, స్పేర్ 100 శాతం, పర్సంటేజ్ యూజ్డ్ 11. పార్టిషన్లు: పి1 ఈఎఫ్‌ఐ 100 ఎమ్‌బీ, పి2 16 ఎమ్‌బీ, పి3 ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్), పి4 విండోస్ రికవరీ, పి5 ఎక్స్‌ట్4. పి5 చదవడానికి మౌంట్ అయింది, ఫైళ్లన్నీ కనిపిస్తున్నాయి! ఇక ఫైల్ మేనేజర్లో లాగి వదిలేయొచ్చా?

టార్‌బుట్ట
వద్దు. ఎక్స్‌ఫ్యాట్‌కి యజమాని, పర్మిషన్లు, సింబాలిక్ లింకులు ఏవీ తెలియవు. లాగి వదిలితే ఫోటోలు, వీడియోలు బాగానే వస్తాయి. కానీ లింకులు పోతాయి, ఎస్‌ఎస్‌హెచ్ తాళాల పర్మిషన్లు పోతాయి, కోలన్ లాంటి గుర్తులున్న ఫైలు పేర్ల దగ్గర కాపీ ఆగిపోతుంది. ఇక పోస్ట్‌గ్రెస్ ఫోల్డర్ యజమాని మారితే సర్వర్ లేవనే లేవదు.

అన్నిటినీ ఒకే టార్ ఫైల్లో కట్టేయండి. యజమాని, పర్మిషన్, లింకు, సమయం అన్నీ టార్ లోపలే భద్రంగా ఉంటాయి, ఎక్స్‌ఫ్యాట్ దాన్ని ఒక పెద్ద ఫైలుగానే చూస్తుంది. ఎక్స్‌ఫ్యాట్ కాబట్టి 140 జీబీ ఫైలైనా పడుతుంది. ఫ్యాట్32 అయితే ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు.

సుడోతో టార్. ఆప్షన్లు: చిన్న సీ, పీ, ఎఫ్ కలిపి, రెండు గీతలతో న్యూమరిక్-ఓనర్, ఏసీఎల్ఎస్ (అదనపు పర్మిషన్లు), ఎక్స్ఎట్టర్స్ (అదనపు ఫైలు గుణాలు), తర్వాత పెద్ద సీ ఇచ్చి మౌంట్ చేసిన చోటు, చివర్లో హోమ్ అనే ఫోల్డర్ పేరు, ముందు స్లాష్ లేకుండా. న్యూమరిక్-ఓనర్ ఎందుకంటే లైవ్ సిస్టమ్‌లో మీ పేరు లేదు. పేరుతో కాదు, 1000 అనే అంకెతో దాచాలి. పెద్ద సీ ఎందుకంటే లోపలి దారులు "హోమ్/..." అని మొదలవ్వాలి, మౌంట్ చేసిన చోటు పేరు అందులో చేరకూడదు.

జిప్ కంప్రెషన్ పెట్టకండి. ఫోటోలు, వీడియోలు ఇంకా చిన్నవి కావు, సమయం మాత్రం తింటుంది. సెకనుకు 100 ఎమ్‌బీ చొప్పున పోతే 140 జీబీకి దాదాపు 25 నిమిషాలు. చిన్న ఫైళ్లు లక్షల్లో ఉంటే అంతకంటే ఎక్కువే పడుతుంది.

చిట్టిపెంగ్విన్
ఆర్‌సింక్ వాడొచ్చు కదా? మధ్యలో తెగినా మిగిలింది మళ్లీ కొనసాగించొచ్చు. టార్ తెగితే మొదటికొస్తుంది.

టార్‌బుట్ట
అవతలి డిస్క్ కూడా ఎక్స్‌ట్4 అయితే ఆర్‌సింకే మేలు: చిన్న ఎ, పెద్ద హెచ్, పెద్ద ఎ, పెద్ద ఎక్స్, ఇంకా న్యూమరిక్-ఐడీస్. ఇక్కడ అవతల ఎక్స్‌ఫ్యాట్ ఉంది, అది మార్చాలంటే ఆ డిస్క్‌లో ఉన్నవి ఇంకెక్కడికో తరలించాలి. అందుకే టార్.

చిట్టిపెంగ్విన్
అలాగైతే రెండు మూడు టార్లుగా కట్టుకుంటే తెగినా నష్టం తక్కువ.

మౌంట్‌పాయింట్
అది మంచి మాట. ఒకటి "ఇల్లు.టార్" (హోమ్ మొత్తం), రెండోది "మిగతా.టార్". రెండో దాంట్లో పెట్టాల్సినవి చాలామంది మర్చిపోతారు:

ఈటీసీ (సిస్టమ్ సెట్టింగుల ఫోల్డర్) మొత్తం. చిన్నదే, ఆలోచించకుండా తీసుకోండి. వైఫై పాస్‌వర్డులు దాని లోపల నెట్‌వర్క్‌మేనేజర్/సిస్టమ్-కనెక్షన్స్‌లో ఉంటాయి.
/రూట్, /ఆప్ట్ (ఓ-పీ-టీ), /ఎస్‌ఆర్‌వీ, /యూఎస్‌ఆర్/లోకల్.
/వార్/స్పూల్/క్రాన్. మీ క్రాన్‌ట్యాబ్‌లు (వేళకు నడిచే పనుల జాబితాలు) హోమ్‌లో ఉండవు, ఇక్కడ ఉంటాయి.
/వార్/లిబ్ లోపల పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్. డాకర్ వాడితే డాకర్/వాల్యూమ్స్, వర్చువల్ మెషీన్లు ఉంటే లిబ్‌విర్ట్/ఇమేజెస్.
/వార్/లాగ్/ఆప్ట్ (ఇది ఏ-పీ-టీ, ప్యాకేజీలు తెచ్చేది). ఇందులో హిస్టరీ లాగ్‌లో "కమాండ్‌లైన్" అని మొదలయ్యే వరసలు వెతికితే మీరు చేత్తో ఇన్‌స్టాల్ చేసిన ప్యాకేజీలు తేదీలతో సహా దొరుకుతాయి. పాత లాగులు జీజెడ్‌లో ఉంటాయి కాబట్టి జెడ్‌గ్రెప్ వాడండి. సగంలో ఆగిన అప్‌గ్రేడ్‌లో డీపీకేజీ (ప్యాకేజీలు పెట్టే ప్రోగ్రాం) ఇచ్చే జాబితా కలగాపులగంగా ఉంటుంది, దానికంటే ఇది నమ్మకం.

సగంబూట్
డాకర్ లేదు. మిగతావన్నీ పెడుతున్నాను. ఫైర్‌ఫాక్స్ బుక్‌మార్కులు హోమ్‌లో .మొజిల్లాలో కనిపించట్లేదు, ఖాళీగా ఉంది. పోయాయా?

బైట్‌పిచ్చుక
పోలేదు. ఉబుంటులో ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గా (ఓ రకం ప్యాకేజీగా) వస్తుంది, ప్రొఫైల్ హోమ్‌లోని స్నాప్/ఫైర్‌ఫాక్స్/కామన్ కింద ఉంటుంది. అక్కడ చుక్కతో మొదలయ్యే మొజిల్లా ఫోల్డర్ చూడండి. హోమ్ మొత్తం తీస్తున్నారు కాబట్టి అదీ వచ్చేస్తుంది.

రెండోకీ
ఇదే సందర్భంలో నాదొక ప్రశ్న. నాది ఎల్‌యూకేఎస్‌తో తాళం వేసిన పార్టిషన్. ఇన్‌స్టాలర్‌లో రూట్‌ని మాత్రం ఫార్మాట్ చేసి, అదే ఎన్‌క్రిప్షన్ లోపలి హోమ్ వాల్యూమ్‌ని ఉంచుకోవచ్చా?

పాతకెర్నల్
@రెండోకీ పాత ఇన్‌స్టాలర్ అయితే ఉంచుకోవచ్చు (24.04 కొత్తదానిలో కుదురుతుందని ఖాయంగా చెప్పలేను), కానీ ఇన్‌స్టాలర్ తెరవక ముందే టెర్మినల్లో మీరే తాళం తీయాలి: క్రిప్ట్‌సెటప్ ఓపెన్, తర్వాత ఎల్‌వీఎమ్ (పార్టిషన్‌ని వాల్యూమ్‌లుగా పంచేది) ఉంటే వీజీచేంజ్ -ఏవై. అలా తీయకపోతే లోపలి వాల్యూమ్‌లు ఇన్‌స్టాలర్‌కి కనిపించవు. "ఎన్‌క్రిప్షన్ పెట్టు" అన్న ఆప్షన్ మాత్రం ముట్టుకోకండి. అది కొత్త ఎల్‌యూకేఎస్ హెడర్ రాస్తుంది. పాత హెడర్ పోయిందంటే పాస్‌వర్డ్ గుర్తున్నా ప్రయోజనం లేదు, ఎందుకంటే అసలు తాళంచెవి ఉండేది హెడర్లోనే.

అందుకని ముందుగా క్రిప్ట్‌సెటప్ లక్స్‌హెడర్‌బ్యాకప్ తీసి బయట దాచండి. ఎల్‌యూకేఎస్2 అయితే ఆ ఫైలు సాధారణంగా 16 ఎమ్‌బీ, అంతే. ఇన్‌స్టాల్ అయ్యాక సీహెచ్‌రూట్‌లోకి (లైవ్ నుంచే డిస్క్ మీది సిస్టమ్ లోపలికి) వెళ్లి క్రిప్ట్‌టాబ్‌లో వరస రాసి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ మళ్లీ తయారు చేయాలి, లేకపోతే బూట్ సమయంలో పాస్‌వర్డ్ అడగనే అడగదు.

ఫెడోరాబంధు
ఫెడోరా వాళ్ల కోసం కూడా ఒక మాట. ఫెడోరా 33 నుంచి డెస్క్‌టాప్‌కి డిఫాల్ట్ ఫైల్‌సిస్టమ్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్. రూట్, హోమ్ రెండూ ఒకే పార్టిషన్లో రెండు సబ్‌వాల్యూమ్‌లు. పార్టిషన్ ఫార్మాట్ చేస్తే రెండూ పోతాయి. కస్టమ్‌లో రూట్ సబ్‌వాల్యూమ్ ఒక్కటే తీసేసి కొత్తది చేయాలి, పాత హోమ్ సబ్‌వాల్యూమ్‌కి /హోమ్ అని మౌంట్‌పాయింట్ ఇవ్వాలి. ఫైళ్లు బయటినుంచి తెచ్చి పెట్టినవైతే రెస్టోర్‌కాన్ -ఆర్ (పెద్దది) హోమ్ మీద నడపాలి, లేకపోతే ఎస్‌ఈలినక్స్ (భద్రతా కాపలా) అడ్డుపడుతుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ దెబ్బతింటే "చెక్ రిపేర్" మొదటి మందు కాదు, ఆఖరిది.

సగంబూట్
రెండు టార్లూ అయ్యాయి. ఇల్లు.టార్ 138 జీబీ, మిగతా.టార్ 6 జీబీ. నిజంగా అన్నీ వచ్చాయా అన్నది ఎలా తెలుస్తుంది?

టార్‌బుట్ట
టార్‌కి సీ బదులు చిన్న డీ ఆప్షన్ ఇచ్చి, అదే పెద్ద సీ దారితో నడపండి. ఆర్కైవ్‌లో ఉన్నదాన్ని డిస్క్ మీద ఉన్నదానితో పోల్చి తేడా ఉన్నవే చూపిస్తుంది. ఏమీ చూపించకుండా ముగిస్తే టార్‌లో చేరినవన్నీ సరిగ్గా వచ్చినట్టు. దీనికీ దాదాపు కాపీకి పట్టినంత సమయం పడుతుంది, అయినా వదలొద్దు. ఆ తర్వాత సింక్ కమాండ్ కొట్టి, డిస్క్‌ని అన్‌మౌంట్ చేసి, తీసి మళ్లీ గుచ్చి, అప్పుడొకసారి రెండు మూడు ఫైళ్లు బయటికి తీసి తెరిచి చూడండి. గుచ్చి తీయకుండా చూస్తే మీరు చూసేది మెమరీలో ఉన్న కాపీ కావచ్చు.

సగంబూట్
పోల్చాను, తేడా లేదు. తీసి గుచ్చాక కూడా తెరుచుకుంటున్నాయి. ఇప్పుడు రిపేరా, ఇన్‌స్టాలా?

పాతకెర్నల్
ఒక్క ప్రయత్నం రిపేరుకి ఇవ్వండి. పి5ని ఈసారి రాయగలిగేలా మౌంట్ చేసి, దాని లోపల బూట్/ఈఎఫ్‌ఐ మీద పి1 పెట్టి, డెవ్, ప్రాక్, సిస్, రన్ నాలుగూ బైండ్ చేసి సీహెచ్‌రూట్ కొట్టండి. లోపలికి వెళ్లగలిగితే: డీపీకేజీ కాన్ఫిగర్ -ఎ, ఆప్ట్ ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్, అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అన్ని కెర్నళ్లకీ, అప్‌డేట్-గ్రబ్. చాలా సగం అప్‌గ్రేడ్‌లు ఈ నాలుగుతోనే లేస్తాయి.

సగంబూట్
సీహెచ్‌రూట్ కొడితే "/బిన్/బాష్: నో సచ్ ఫైల్" అంటోంది. కానీ బాష్ ఫైలు అక్కడే ఉంది, ఎల్‌ఎస్‌లో కనిపిస్తోంది.

బైట్‌పిచ్చుక
లేనిది బాష్ కాదు, బాష్‌ని మెమరీలోకి ఎక్కించే లోడర్. లిబ్64లో ఎల్‌డీ-లినక్స్ పేరుతో ఉండాలి. కెర్నల్ ఆ లోడర్ దొరక్కపోయినా అదే మాట అంటుంది, అందుకే తికమక. యూఎస్‌ఆర్/లిబ్ కింద డీపీకేజీ-న్యూ అనే తోకతో ఫైళ్లు ఎన్ని ఉన్నాయో ఫైండ్‌తో లెక్కపెట్టండి.

సగంబూట్
వందల్లో ఉన్నాయి.

పాతకెర్నల్
అయితే వదిలేయండి. చేత్తో లిబ్‌సీ పెట్టి లేపొచ్చు, కానీ ఆ తర్వాత ఎక్కడ ఏది పాతదో ఏది కొత్తదో తెలియని సిస్టమ్ మిగులుతుంది. డేటా బయట ఉంది, పోలిక కూడా అయింది. శుభ్రంగా ఫార్మాట్ చేసి పెట్టుకోండి.

విమ్‌వీరుడు
ఎలాగూ ఫార్మాట్ చేస్తున్నారు కదా, ఇప్పుడే రూట్, హోమ్ రెండు పార్టిషన్లు చేసుకుంటే వచ్చేసారి ఈ టార్ల పని ఉండదు. రూట్‌కి 60, హోమ్‌కి 160.

మౌంట్‌పాయింట్
160లో 138 ఇప్పటికే నిండింది. ఎక్స్‌ట్4 రూట్ యూజర్ కోసం 5 శాతం పక్కన పెడుతుంది, అంటే 8 జీబీ. (హోమ్‌కి అది అక్కర్లేదు, ట్యూన్2ఎఫ్‌ఎస్ -ఎమ్ 0 తో తీసేయొచ్చు.) తీసేసినా ఊపిరాడని పార్టిషనే. రూట్‌లో 30 జీబీ ఖాళీగా పడుంటే, హోమ్ నిండి డెస్క్‌టాప్ లాగిన్ కాని రోజు వస్తుంది.

500 జీబీ పైన ఉంటే విడి హోమ్ బాగుంటుంది. 220లో ఒకటే పార్టిషన్ చాలు. "వచ్చేసారి టార్ అక్కర్లేదు" అన్నదానికి మాత్రం గట్టిగా అడ్డు చెబుతాను. విడి హోమ్ ఉన్నా అది అదే డిస్క్ మీద ఉంటుంది. ఇన్‌స్టాలర్‌లో ఒక్క తప్పు టిక్ పడితే ఆ గోడ ఆపదు.

విమ్‌వీరుడు
టార్ వద్దనట్లేదు, పని తేలిక అవుతుందంటున్నా. సైజు లెక్క మాత్రం మీదే కరెక్ట్.

సగంబూట్
ఒకటే పార్టిషన్ పెట్టేస్తాను. ఇన్‌స్టాలర్‌లో ఏది ఎక్కడ ఇవ్వాలి?

మౌంట్‌పాయింట్
బయటి డిస్క్ తీసేయండి, ఇది మొదటి పని. గుచ్చి ఉన్న డిస్క్‌కే పొరపాటు తగులుతుంది.

మాన్యువల్ పార్టిషనింగ్. పి5: ఎక్స్‌ట్4, ఫార్మాట్ అవును, మౌంట్‌పాయింట్ స్లాష్. పి1: మౌంట్‌పాయింట్ /బూట్/ఈఎఫ్‌ఐ, ఫార్మాట్ వద్దు. పి1 ఫార్మాట్ అయితే విండోస్ బూట్‌లోడర్ కూడా పోతుంది, రెండు సిస్టమ్‌లూ దాన్నే పంచుకుంటున్నాయి. పి2, పి3, పి4 ముట్టుకోవద్దు. చివరి పేజీలో ఏ పార్టిషన్ ఫార్మాట్ అవుతుందో జాబితా ఇస్తుంది, అందులో పి5 ఒక్కటే ఉండాలి. ఇంకేదైనా కనిపిస్తే వెనక్కి రండి, అప్పటిదాకా డిస్క్ మీద ఏదీ రాయదు.

విండోస్‌లో బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీ దగ్గర పెట్టుకోండి. బూట్ అమరిక మారితే అది అడగొచ్చు.

యూజర్ పేరు, పాస్‌వర్డ్ రెండూ పాతవే ఇవ్వండి. పేరు ఎందుకంటే హోమ్‌లో మీ ఫోల్డర్ ఆ పేరుతోనే ఉంది. పాస్‌వర్డ్ ఎందుకంటే గ్నోమ్ కీరింగ్ (పాస్‌వర్డులు దాచే పెట్టె) పాత లాగిన్ పాస్‌వర్డ్‌తోనే తెరుచుకుంటుంది. కొత్తది ఇస్తే లాగిన్ అయిన ప్రతిసారీ పాతది అడుగుతూ ఉంటుంది.

తొందరపడ్డా
ఈ చర్చ ముందే చూడాల్సింది. నేను కాపీ లేకుండా ఫార్మాట్ నొక్కేశాను, ఎస్‌ఎస్‌డీ. టెస్ట్‌డిస్క్‌తో వస్తుందా?

బైట్‌పిచ్చుక
@తొందరపడ్డా వెంటనే మెషీన్ ఆపేయండి, ఆ డిస్క్ నుంచి బూట్ చేయకండి. కానీ నిజం చెప్పాలి: ఎక్స్‌ట్4 ఫార్మాట్ చేసే ఎమ్‌కేఎఫ్‌ఎస్ డిఫాల్ట్‌గానే మొత్తం పార్టిషన్‌కి డిస్కార్డ్ (ఈ బ్లాకులు ఇక అక్కర్లేదన్న సందేశం) పంపుతుంది. ఎస్‌ఎస్‌డీ దాన్ని అందుకుంటే ఆ బ్లాకులు చదివినప్పుడు సాధారణంగా సున్నాలే వస్తాయి, టెస్ట్‌డిస్క్‌కి, ఫోటోరెక్‌కి పట్టుకోవడానికి ఏమీ మిగలదు. పళ్లెం డిస్క్ అయితే, లేదా పార్టిషన్ టేబుల్ మాత్రమే చెరిగి ఫార్మాట్ జరగకపోతే, టెస్ట్‌డిస్క్‌తో ఆశ బాగానే ఉంటుంది. మీది ఫార్మాట్ దాకా వెళ్లిందా, టేబుల్ వరకేనా?

తొందరపడ్డా
టేబుల్ మార్చి "అప్లై" కొట్టాను. ఫార్మాట్ మొదలయ్యేలోపు ఎర్రర్ వచ్చి ఆగింది.

బైట్‌పిచ్చుక
అయితే ఆశ ఉంది! వేరే లైవ్ యూఎస్‌బీ నుంచి టెస్ట్‌డిస్క్, "అనలైజ్", "క్విక్ సెర్చ్". పాత పార్టిషన్ కనిపించాక పీ నొక్కితే లోపలి ఫైళ్లు చూపిస్తుంది. ఫైళ్లు కనిపిస్తే "రైట్" కొట్టే ముందు అక్కడినుంచే మరో డిస్క్‌కి కాపీ చేసుకోండి. కొత్త చర్చ తెరవండి, అక్కడ చూద్దాం.

సగంబూట్
ఇన్‌స్టాల్ అయింది, లేచింది. ఇల్లు.టార్ విప్పేయొచ్చా?

టార్‌బుట్ట
లాగిన్ అయి ఉన్న డెస్క్‌టాప్ మీదికి విప్పొద్దు. నడుస్తున్న ప్రోగ్రాములు తమ సెట్టింగులు మళ్లీ రాసేస్తాయి. ఇంకొక్కసారి లైవ్‌లోకి వెళ్లి, పి5 మౌంట్ చేసి, కొత్త హోమ్ ఫోల్డర్ పేరు చివర "కొత్తది" అని మార్చి పక్కన ఉంచి, టార్‌ని చిన్న ఎక్స్, పీ, ఎఫ్, న్యూమరిక్-ఓనర్, ఏసీఎల్ఎస్, ఎక్స్ఎట్టర్స్‌తో, పెద్ద సీ దారితో విప్పండి. కట్టేటప్పుడు ఇచ్చిన ఏసీఎల్, ఎక్స్ఎట్టర్ ఆప్షన్లు విప్పేటప్పుడు కూడా ఇవ్వాలి. మొదటి యూజర్ యూఐడీ (యూజర్ అంకె) 1000, పాతదీ 1000 కాబట్టి యజమాని సరిపోతుంది. రెండో అకౌంట్ ఉంటే యూజర్‌యాడ్‌కి -యూ ఇచ్చి పాత అంకెతోనే చేయాలి.

ఈటీసీని మాత్రం మొత్తంగా మీద పోయొద్దు. పాత ఎఫ్‌స్టాబ్‌లో (ఏ పార్టిషన్ ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఫైల్లో) పాత యూయూఐడీ ఉంది, ఫార్మాట్‌తో అది మారిపోయింది. పాస్‌వ్డ్, షాడో, గ్రూప్, ఆప్ట్ సోర్సులు కూడా వద్దు. కావాల్సిన ఫైలు ఒక్కొక్కటీ తీసుకోండి.

చిట్టిపెంగ్విన్
గ్నోమ్ డెస్క్‌టాప్ 42 నుంచి 46కి వచ్చారు కాబట్టి పాత ఎక్స్‌టెన్షన్లు కొన్ని పనిచేయవు, కంగారు పడొద్దు. పైథాన్ కూడా 3.10 నుంచి 3.12 అయింది. హోమ్‌లో ఉన్న వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లు విరిగిపోతాయి, తుడిచి మళ్లీ చేసుకోవాలి.

సగంబూట్
హోమ్ అచ్చం పాతదానిలాగే వచ్చింది, కీరింగ్ కూడా అడగలేదు. ఇక పోస్ట్‌గ్రెస్. ఇక్కడ 16 వచ్చింది, పాతది 14. ఫోల్డర్ తెచ్చి పెడితే లేవట్లేదు.

డేటాబుట్టి
లేవదు. మేజర్ వెర్షన్ మారితే డేటా డైరెక్టరీ నేరుగా పనిచేయదు. పైగా మీ పాత సర్వర్ కరెంటు పోయి ఆగింది, అంటే మొదట 14తోనే లేపి దాని రికవరీ పూర్తి కానివ్వాలి.

డాకర్‌లో 14 ఇమేజ్ తెచ్చి ఈ ఫోల్డర్ తగిలిస్తే పోస్ట్‌గ్రెస్ కాన్ఫిగ్ ఫైలు లేదని ఆగుతుంది. డెబియన్, ఉబుంటులలో ఆ ఫైలు డేటా ఫోల్డర్లో ఉండదు, /ఈటీసీ/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్/14/మెయిన్‌లో ఉంటుంది. కాబట్టి దగ్గరి దారి ఇది: పోస్ట్‌గ్రెస్ వాళ్ల సొంత ఆప్ట్ రిపాజిటరీ చేర్చి 14 ప్యాకేజీ పెట్టండి, ఇది 16 పక్కనే వేరే పోర్టులో ఉంటుంది. సర్వీస్ ఆపి, 14/మెయిన్ డేటా స్థానంలో టార్‌లోని డేటా, ఈటీసీలోని 14 ఫోల్డర్ స్థానంలో పాత కాన్ఫిగ్ పెట్టండి. పోస్ట్‌గ్రెస్ యూజర్ అంకె కొత్త ఇన్‌స్టాల్‌లో మారి ఉండొచ్చు, అందుకని చోన్ -ఆర్ (పెద్దది)తో యజమానిని మార్చి, ఫోల్డర్ పర్మిషన్ 700 చేయండి. పాత కాన్ఫిగ్‌లో పోర్టు 5432 ఉంటే 16తో ఢీకొంటుంది, 5433 చేయండి.

14 లేచాక 16తో వచ్చిన పీజీ-డంప్‌ఆల్‌తో మొత్తం డంప్ (డేటా అంతా ఒక ఫైలుగా) తీసి, దాన్ని 16లోకి ఎక్కించండి. డంప్‌తో వెళ్తే ఇండెక్సులు కొత్తగా తయారవుతాయి, కొత్త లిబ్‌సీలో అక్షరక్రమం మారినా ఇబ్బంది రాదు.

సగంబూట్
14 లేచింది. లాగ్‌లో రికవరీ పూర్తయిందని ఉంది. డంప్ తీసి 16లోకి ఎక్కించాను, పెద్ద టేబుళ్లు నాలుగింటిలో వరసల లెక్క రెండు వైపులా సరిపోయింది. ఒక్కటే మిగిలింది: గ్రబ్ మెనూలో విండోస్ కనిపించట్లేదు. పి1 ఫార్మాట్ చేయలేదు, ప్రమాణంగా!

మౌంట్‌పాయింట్
విండోస్ ఎక్కడికీ పోలేదు. గ్రబ్ 2.06 నుంచి వేరే సిస్టమ్‌లు వెతికే ఓఎస్-ప్రోబర్ డిఫాల్ట్‌గా ఆపేశారు. /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్‌లో గ్రబ్_డిసేబుల్_ఓఎస్_ప్రోబర్ ఈక్వల్ ఫాల్స్ అని వరస చేర్చి, అప్‌డేట్-గ్రబ్ కొట్టండి.

సగంబూట్
వచ్చింది. విండోస్ కూడా బూట్ అయింది, రికవరీ కీ అడగలేదు. హోమ్ పక్కన ఉంచిన "కొత్తది" ఫోల్డర్, పోస్ట్‌గ్రెస్ 14 ఎప్పుడు తీసేయొచ్చు?

డేటాబుట్టి
14ని ఆపి ఉంచండి, తీసేయకండి. మీ అప్లికేషన్ 16 మీద ఓ నెల నడిచాక తీయొచ్చు.

టార్‌బుట్ట
"కొత్తది" ఇప్పుడే తీసేయొచ్చు, అందులో మీదంటూ ఏమీ లేదు. ఇల్లు.టార్, మిగతా.టార్ మాత్రం ఆ డిస్క్ మీదే ఉండనివ్వండి.